గుమ్మం బొమ్మ కింద రాయాల్సిన మాట

మేడ మీది గది,
ఫిబ్రవరి 3

అన్నయ్యకి,

ఈ ఉత్తరంతో పాటు రెండు ప్లైవుడ్ పలకలు పంపుతున్నాను. పెట్టె విప్పేటప్పుడు మేకులు జాగ్రత్త. బొమ్మలు పైకి ఎండినట్టే ఉంటాయి కానీ లోపల ఇంకా పచ్చే, మొహాల మీద చెయ్యి పెట్టకు. ఒక్కో బొమ్మ కింద జానెడు జాగా వదిలాను. అక్కడ నువ్వు రాయాల్సిన వాక్యాలు ఈ కాగితం వెనక ఉన్నాయి.

మొన్న ఫోన్‌లో "నీ బొమ్మలకి నా బోర్డు అక్షరాలెందుకే, నువ్వే రాసుకో" అన్నావు. అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. నేను రాస్తే అక్షరాలు కూడా బొమ్మల్లాగే ఉంటాయి. చూసేవాళ్ళు "ఎంత ముద్దుగా ఉందో" అని వెళ్ళిపోతారు. నాకు ముద్దు వద్దు. దుకాణం మీద "ఇక్కడ గడియారాలు బాగుచేయబడును" అని ఉంటే ఎవరైనా అనుమానిస్తారా? తిన్నగా లోపలికి వెళ్ళి చేతి గడియారం విప్పి ఇచ్చేస్తారు. నా కథని జనం అలా నమ్మాలి. ఆ అక్షరం నాన్న దగ్గరుండేది, ఇప్పుడు నీ దగ్గరే ఉంది.

కథ మనదే. నాకు ఐదేళ్ళు, నీకు పదేళ్ళు ఉన్నప్పుడు అమ్మ ఇల్లు విడిచి వెళ్ళిపోయి పంతొమ్మిది రోజులకి తిరిగొచ్చింది కదా. ఆ పంతొమ్మిది రోజులే. ఎనిమిది బొమ్మలు, ఎనిమిది వాక్యాలు. మే నెలలో ప్రదర్శన. గ్యాలరీ మేడమ్ మాత్రం "బొమ్మే మాట్లాడుతోంది కదండీ, కింద మళ్ళీ మాటలెందుకు" అని సణుగుతోంది. బొమ్మ చెప్పిందే మాట కూడా చెబితే దండగే అన్నాను. బొమ్మ ఒకటి చెప్పాలి, మాట ఇంకొకటి చెప్పాలి, రెంటి మధ్య చూసేవాడు కాస్త ఇబ్బంది పడాలి. మేడమ్‌కి ఇబ్బంది అన్న మాట నచ్చలేదు.

అమ్మకి ఈ సంగతి చెప్పకు. నీ దగ్గరే ఉంటోంది కాబట్టి పలకలు ఆవిడ కంట పడకుండా చూడు. వదినని అడిగానని చెప్పు.

చెల్లాయి

(ఒకటి: "నాన్న ఊరందరికీ అక్షరాలు రాసేవాడు. ఇంట్లో నెలకి నాలుగు మాటలు మాట్లాడేవాడు."
రెండు: "అమ్మ లేని రోజుల్లో అన్నయ్య జడ వేశాడు. వంకర జడ. బడిలో ఎవరూ నవ్వలేదు.")


బోర్డుల షెడ్డు,
ఫిబ్రవరి 17

చెల్లాయ్,

పలకలు క్షేమంగా చేరాయి. మేకులకి ఒక వేలు బలి ఇచ్చాను, ఎడమ చేతిదే కాబట్టి పనికి ఇబ్బంది లేదు.

నీకు బోర్డు పని తెలియదని ఒప్పుకుని తీరాలి. మూడు మాటల్లో చెప్పాల్సిన చోట ముప్ఫై చెబుతావు. పైగా వత్తులు కిందికి దిగుతాయి కదా, వాటికి వేలెడు వదలాలి, నువ్వు వదల్లేదు. సుద్ద దారం కొట్టి గీత కాస్త పైకి జరిపాను. దాంతో బొమ్మలో నాన్న కుర్చీ కాలు ఒక దీర్ఘం వెనక్కి పోయింది. ఆయన ఉంటే "ఆ కాలేమిట్రా" అనేవాడు. నెలకి నాలుగు మాటల్లో అదొకటి అయ్యేది.

జడ పలక ఎండబెట్టి ఉండగా పక్క వీధి దర్జీ తన బోర్డు ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి వచ్చాడు. వచ్చినవాడు తన బోర్డు వదిలేసి నీ పలక రెండు సార్లు చదివాడు. "మీ చెల్లెలికి మీరే జడ వేసేవారా? ఎంత మంచివారండీ" అన్నాడు. అవునన్నట్టు తలూపి బ్రష్ కడుక్కున్నాను. నీ సిద్ధాంతం నిజమే, బోర్డు మీద ఉంటే జనం నమ్మేస్తారు.

ఐదేళ్ళప్పటి సంగతులు నీకు ఇంత బాగా ఎలా గుర్తున్నాయో నాకు అర్థం కాదు. నాకే సగం గుర్తు లేవు.

అమ్మ షెడ్డు వైపు రాకుండా వదిన కాపలా కాస్తోంది.

అన్నయ్య


మేడ మీది గది,
మార్చి 12

అన్నయ్యకి,

మిగతా ఐదూ బాగా రాశావు. పాలు కాచే బొమ్మ కింద "అన్నయ్య పాలు పొంగించాడు. ఇద్దరం నేల తుడిచాం" అన్న చోట అక్షరాలు కాస్త వణికాయి. దానికే ఆ వణుకు నప్పింది, దిద్దకు.

ఇప్పుడు ఎనిమిదోది పంపుతున్నాను. కథలో అది మూడోది, కానీ ధైర్యం చాలక చివరిదాకా వాయిదా వేశాను. గుమ్మం బొమ్మ. వీధి మలుపు దగ్గర అమ్మ వీపు, చేతిలో సంచి. ఇవతల మన గుమ్మంలో మనిద్దరం, నా చెయ్యి నీ చేతిలో. అమ్మ మొహం వెయ్యలేదు. ఎలా ఉందో నాకు తెలియదు కాబట్టి వెయ్యలేదు. దీని కింద నాలుగే మాటలు రాయి:

"అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు."

మిగతా ఏడు పలకలూ ఈ వాక్యం కోసమే వేశానేమో అనిపిస్తోంది. నీకు నా సంగతి తెలుసు. అమ్మ తిరిగొచ్చాక ఎన్నిసార్లు పిలిచినా ఒళ్ళోకి వెళ్ళలేదు. నలభై ఏళ్ళయినా "తిన్నావా, మందులు వేసుకున్నావా" దాటి నా నోట మాట రాదు. ఆవిడకి డెబ్బై దాటాయి. ఇంకెప్పుడు మాట్లాడతాను? నేరుగా అడగలేనిది గోడకి వేలాడదీస్తే అయినా తేలుతుందేమోనని చూస్తున్నాను. తేలకపోతే కనీసం ఈ కథని అక్కడ వదిలి ఇంటికి రావొచ్చు.

చెల్లాయి


బోర్డుల షెడ్డు,
మార్చి 27

చెల్లాయ్,

పలక పంపుతున్నాను. నీ వాక్యం జాగాలో పట్టలేదు. అందుకని "అమ్మ వెళ్ళింది" అని రాశాను. మా బోర్డుల వాళ్ళ పద్ధతి నీకు తెలిసిందే, అక్షరం కుదించం, మాటే తీసేస్తాం. "శుచి, రుచి, మర్యాద" అని రాయమన్న హోటలతనికి జాగా లేక మర్యాద తీసేశాను, అతనికేం నష్టం రాలేదు.

చిన్నగా ఉంటేనే బాగుంది. వదిన కూడా అదే అంది.

అన్నయ్య


మేడ మీది గది,
ఏప్రిల్ 2

అన్నయ్యకి,

స్కేలు పెట్టి కొలిచాను. ఆ వాక్యం ఆ జాగాలో రెండు సార్లు పడుతుంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఉంది నీ వ్యవహారం.

"అమ్మ వెళ్ళింది" అని రాయడానికి నువ్వెందుకు, నేనెందుకు? వీపు కనబడుతోంది, సంచి కనబడుతోంది, వెళ్ళిందని పిల్లాడికి కూడా తెలుస్తుంది. బొమ్మలో ఉండేది ఒక్క క్షణం. ఆ తర్వాతి క్షణంలో ఆవిడ తిరిగి చూసిందేమో అని ఎవరైనా అనుకోవచ్చు. అలా అనుకోవడానికి వీల్లేకుండా చేసేది మాట ఒక్కటే. ఆ మాటనే నువ్వు తీసేశావు.

వదిన పేరు మధ్యలోకి లాగకు. నేను ఫోన్ చేస్తే "ఏ పలకమ్మా" అంది పాపం.

తుడిచి మళ్ళీ రాయి. పలక పంపుతున్నాను.

చెల్లాయి


బోర్డుల షెడ్డు,
ఏప్రిల్ 13

చెల్లాయ్,

తుడిచాను. రాయలేదు. ఖాళీగానే పంపుతున్నాను, ఏమనుకోకు.

నాలుగు రోజులుగా ముసురు, రంగు ఎండడం లేదు. కొత్త బ్రష్ వెంట్రుకలు విడిపోతున్నాయి. చెయ్యి కూడా ఒకటి రెండు సార్లు వణికింది, యాభై దాటాయి కదా. నీ ఊళ్ళోనూ బోర్డులు రాసేవాళ్ళు ఉంటారు, ఎవరినైనా పట్టుకో.

అసలు ఆ వాక్యం లేకపోతే ఏమవుతుంది? అమ్మ పెద్దదైపోయింది. మొన్న నా చొక్కాకి గుండీ కుడుతూ "చిన్నది ఈ మధ్య ఏం బొమ్మలేస్తోందిరా" అని అడిగింది. పూలవి అని చెప్పాను.

అన్నయ్య


మేడ మీది గది,
ఏప్రిల్ 19

అన్నయ్యకి,

ముసురని రాశావు. వదిన అదే వారం రాసిన కార్డులో ఎండలు మండిపోతున్నాయని ఉంది. ఇంట్లో అయినా ఇద్దరూ అనుకుని రాయాల్సింది.

నాకేమీ అర్థం కావడం లేదు. నీకు బొమ్మ నచ్చలేదా? అమ్మని వెనకేసుకొస్తున్నావా? వెనకేసుకురా, కొడుకువి, నీ దగ్గరే ఉంటోంది. కానీ నిజం నిజమే కదా. ఆ రోజు నాతో పాటు గుమ్మంలో నిలబడి చూసింది నువ్వొక్కడివే. నాకున్న సాక్షివి నువ్వు. నువ్వు ఆ రోజు నా చెయ్యి పట్టుకోకపోతే నేనేమైపోయేదాన్నో. అమ్మ వెళ్ళింది, నాన్న నోరు విప్పలేదు, నువ్వు మాత్రం ఉన్నావు. ఏ మనిషినైనా నేను నమ్మగలిగానంటే ఆ పంతొమ్మిది రోజుల వల్లే.

వేరేవాళ్ళ చేత రాయించను. పలక మళ్ళీ పంపుతున్నాను. ప్రదర్శన ఇంకా నెల రోజులే ఉంది. రాస్తే రాయి, లేకపోతే ఎందుకు రాయవో రాయి.

చెల్లాయి


బోర్డుల షెడ్డు,
ఏప్రిల్ 28

చెల్లాయ్,

ఆ చెయ్యి నాది కాదు. నేను గుమ్మంలో లేను.

నీ బొమ్మలో మలుపు దగ్గర ఇటుక గోడ వేశావు చూడు, నేను దాని అవతల ఉన్నాను. అమ్మ నన్ను ముందు నడవమంది. పంతొమ్మిది రోజులూ నేను అమ్మతోనే ఉన్నాను. అమ్మ స్నేహితురాలొకావిడ టెలిఫోన్ ఆఫీసులో పని చేసేది, ఆవిడ గదిలో. నువ్వు నాన్నతో ఉండిపోయావు.

ఇది సగమే. ఇంకో సగం ఇన్నేళ్ళలో వదినకి కూడా చెప్పలేదు. అమ్మ సంచి సర్దుకుంటూ "చెల్లి లేచిందేమో చూసిరా, లేస్తే తీసుకెళ్దాం" అంది. మధ్యాహ్నం వేళ. వచ్చి చూశాను. నువ్వు లేచి మంచం మీద కూర్చున్నావు, నన్ను చూసి నవ్వావు. నేను వెనక్కి వెళ్ళి "నిద్రపోతోందమ్మా" అన్నాను. ఎందుకన్నానంటే అమ్మ నాకొక్కడికే కావాలనిపించింది. నువ్వు పుట్టాక అమ్మ నాకు సగమే దక్కిందని ఆ వయసులో నా ఏడుపు. అమ్మ "సరే, లేపకు" అంది. వెళ్ళిపోయాం.

తిరిగొచ్చాక నీ మొహం చూడలేకపోయాను. అందుకే జడ వేయడం, పాలు కాచడం, బడికి దింపడం మొదలుపెట్టాను. నువ్వు వాటన్నిటినీ నీ తలలో వెనక్కి జరిపి ఆ పంతొమ్మిది రోజుల్లో పెట్టుకున్నావు. ఎప్పుడో తెలిసింది నాకు. జరుపుకోనిచ్చాను. నీ దృష్టిలో మంచివాడిగా ఉండటం ఎవరికి చేదు? ఆ ఏడు పలకల మీదా నా చేత్తోనే అబద్ధాలు రాశాను, పెద్ద అక్షరాలతో.

కానీ ఈ ఎనిమిదోది అలా కాదు. మిగతావాటిలో నన్ను పొగుడుతున్నావు, దీంట్లో అమ్మని నిలదీస్తున్నావు. ఆవిడ చూడలేదంటే నా మాట నమ్మి. గుమ్మంలో ఎవరూ లేరనుకుంది.

నీ వాక్యం రాశాను. దాని కింద నాది ఇంకొకటి రాశాను, నిన్ను అడగకుండానే. వద్దనుకుంటే వారంలోపు టర్పెంటైన్‌తో తుడిస్తే పోతుంది.

అన్నయ్య

("అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు.
చెల్లి నిద్రపోతోందని అన్నయ్య చెప్పాడు.")


మేడ మీది గది,
మే 6

అన్నయ్యకి,

వారం దాటింది. తుడవలేదు. తుడవాలా వద్దా అని తేల్చుకోలేక దాటిపోయింది తప్ప, నిర్ణయం తీసుకుని కాదు.

నీ మీద కోపం వచ్చింది. పదేళ్ళ పిల్లాడి మీద రాలేదు, ఇన్నేళ్ళు దర్జీలకి తలూపుతూ కూర్చున్న పెద్ద మనిషి మీద వచ్చింది. తర్వాత ఆ కోపం కూడా నిలవలేదు. ఎనిమిది బొమ్మలూ వరసగా గోడకి ఆనించి చూశాను. ఏది జరిగింది, ఏది నేను పేర్చుకున్నది? జడ వంకరగా ఉండటం నిజమేనా? నాన్న నాతో ఒంటరిగా పంతొమ్మిది రోజులు ఉన్నాడంటే ఆయన వండి పెట్టాడా, నాతో మాట్లాడాడా? ఆ రోజుల్లో ఒక్కటంటే ఒక్కటి గుర్తు లేదు. నా బొమ్మల్లో ఆయన ఒకే ఒక్క దాంట్లో ఉన్నాడు, అది కూడా కుర్చీలో.

గుమ్మం బొమ్మలో నిన్ను తుడిచేద్దామని రంగు కలిపాను. నువ్వు పోతే నా చెయ్యి గాల్లో ఉండిపోతోంది. ఏం చెయ్యాలో తెలియక అలాగే వదిలేశాను. నాకు గుర్తున్నది బొమ్మలో ఉంటుంది, జరిగింది నీ అక్షరాల్లో ఉంటుంది. రెండూ పొసగవు. మేడమ్ చూసి "ఇందులో ఏది నిజమండీ" అంది. నాకూ తెలియదు, అలాగే వేలాడదీద్దాం అన్నాను.

నలభై ఏళ్ళు అమ్మని అకారణంగా దూరం పెట్టానన్న మాట. దీనికి ఏం చెయ్యాలో కూడా తెలియడం లేదు. ఆవిడని తీసుకురా. నేను పిలిచానని చెప్పు.

చెల్లాయి


బోర్డుల షెడ్డు,
మే 11

చెల్లాయ్,

అమ్మని వదినతో పంపుతున్నాను. శనివారం దిగుతారు. నేను రాను. నోటితో చెప్పలేకే కదా రాసింది, ఇక అమ్మ చదువుతుంటే పక్కన నిలబడే ధైర్యం నాకెక్కడిది? నువ్వు పిలిచావనగానే పెట్టె సర్దుకుంది. పూల బొమ్మలే అనుకుంటోంది.

ఆవిడ ఏమంటే అది రాయి. తిట్టినా సరే, ఉన్నదున్నట్టు రాయి.

అన్నయ్య


మేడ మీది గది,
మే 22

అన్నయ్యకి,

ఉన్నదున్నట్టు రాయమన్నావు. నాలుగు రోజులు కలం పట్టుకుని కూర్చున్నాను. మొదలుపెడుతున్నాను.

అమ్మ అన్ని బొమ్మలూ వరసగా చూసింది. పైన బొమ్మ చూడటం, వంగి వాక్యం చదవడం, మళ్ళీ పైకి చూడటం. నేను కోరుకున్న చూపరి అచ్చం అలాగే చూస్తాడు. నాన్న పలక దగ్గర "కుర్చీ కాలు అక్షరం వెనక పడింది" అంది. గుమ్మం బొమ్మ దగ్గర ఆగిపోయింది. మేడమ్ కుర్చీ తెచ్చి వేసినా కూర్చోలేదు. రెండు వాక్యాలూ పెదాలు కదుపుతూ చదివింది.

"వీడు ఇంకా ఇది మోస్తున్నాడా?" అంది.

నేను, "వాడు అబద్ధం చెప్పాడమ్మా, నేను లేచే ఉన్నాను" అన్నాను.

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"వాడు అబద్ధమాడితే మెడ గోక్కుంటాడు. తల్లిని, ఆ మాత్రం తెలియదా? నా స్నేహితురాలు తన గదిలోకి ఒక్క బిడ్డనైతేనే రానిస్తానంది. లేస్తే తీసుకెళ్దామని వాడితో అన్నానే గానీ, ఇద్దరిలో ఎవర్ని తీసుకెళ్ళాలో తేల్చుకోలేక సంచి మూడు సార్లు విప్పి సర్దాను. వాడు నిద్రపోతోందనగానే హమ్మయ్య అనుకున్నాను. కన్నబిడ్డని వదిలేస్తూ హమ్మయ్య అనుకున్నాను. వాడి తప్పేం లేదు. వాడు చెప్పకపోతే ఇంకో వంక వెతుక్కునేదాన్ని."

వదిన నా వీపు మీద చెయ్యి వేసింది. అమ్మ మళ్ళీ బొమ్మ వైపు తిరిగింది. పై వాక్యం మీద వేలు పెట్టింది, అక్కడ తాకకూడదని మేడమ్ అనబోయి ఊరుకుంది.

"ఇదీ తప్పే. మలుపు దగ్గర చూశాను. నీ పక్కన ఎవరూ లేరు, ఒక్కదానివే ఉన్నావు. ఒక కాలికి చెప్పుంది, రెండోది తొడుక్కోబోతున్నావు, నా వెనకాల రావడానికి. చూసి కూడా వెళ్ళాను."

ఇంతే అంది. ఏడవలేదు. నేనే ఏడ్చాను, జనం ముందు.

చెప్పు సంగతి నాకు ఏమీ గుర్తు లేదు అన్నయ్యా. ఎంత తవ్వినా రావడం లేదు. అమ్మ చూడలేదని నేను వేశాను, నీ అబద్ధం నమ్మి చూడలేదని నువ్వు రాశావు, ఆవిడ చూసింది. ఆ ఒక్క క్షణంలో ముగ్గురం మూడు చోట్ల ఉన్నాం. మేడమ్ పలక దింపేద్దామా అని అడిగింది. వద్దన్నాను. మూడో వాక్యం రాయడానికి జాగా లేదు, ఈసారి నిజంగానే లేదు.

నువ్వు ఇన్నాళ్ళు మోసింది నీది కాదు, దించెయ్యి. ఇది నీకు చెప్పకుండా దాచుకుందామని నాలుగు రోజులు అనుకున్న మాట నిజం. నీ అబద్ధం వల్లే నన్ను వదిలేశారనుకుంటే నాకు తేలిగ్గా ఉంది. నువ్వు దోషివైతే అమ్మకి నేను కావాలనే కదా అర్థం. నువ్వు కాకపోతే ఏమిటో నాకింకా తెలియడం లేదు. అమ్మ మీద కోపంగా ఉందా అంటే ఉంది. అయినా నలభై ఏళ్ళలో ఆవిడ నాతో మాట్లాడింది ఈ ఒక్కసారే అనిపిస్తోంది.

వదిన ఒక్కతే వస్తోంది, గురువారం స్టేషన్‌కి వెళ్ళు. అమ్మ ఇక్కడే ఉంటానంది. ఎన్నాళ్ళని నేను అడగలేదు.

చెల్లాయి